అయిదు కిలోమీటర్ల గుండ్రం: ఒక డెల్టా ఊళ్లో వెచ్చాల దూరం కొలిచిన కేసు

పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక మండల కేంద్రం. అక్కడి నుంచి భీమవరం దాదాపు ఇరవై కిలోమీటర్లు. మెయిన్ బజారులో రెండు తరాలుగా నడుస్తున్న కిరాణా కొట్టు ఉంది. తండ్రి కాలంలో చీటీ ఇస్తే సరుకులు పొట్లాలు కట్టి ఇచ్చేవారు. కొడుకు చేతికొచ్చాక రాక్‌లు పెట్టి, ఎవరికి వాళ్లు బుట్ట పట్టుకుని తిరిగే సూపర్ మార్కెట్ చేశాడు. ఇప్పుడు బైపాస్ మీద రెండో షాపు పెట్టాలనుకున్నాడు. స్థలం బావమరిదిది, అద్దె తక్కువ, పార్కింగుకు బోలెడు చోటు. షాపులకు చోటు చూసి, వ్యాపారం ఎంత రావచ్చో అంచనా కట్టి చెప్పడం నా పని కాబట్టి నన్ను పిలిచాడు. పేర్లు రాయొద్దని అడిగాడు, అందుకే ఊరి పేరూ షాపు పేరూ ఇందులో ఉండవు.

ఆయన దగ్గర అప్పటికే ఒక లెక్క ఉంది. మ్యాపు ప్రింటు తీసి, బైపాస్ స్థలం చుట్టూ అయిదు కిలోమీటర్ల గుండ్రం గీసి, లోపల పడ్డ ఊళ్ల ఇళ్లన్నీ కూడి, ఇంటికి నెలకు రెండు వేల చొప్పున గుణించాడు. "ఇందులో పావు వంతు మన దగ్గరికొచ్చినా చాలు గదండి" అన్నాడు. బ్యాంకు లోన్ల కోసం రాసే ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇలాంటి గుండ్రాలు చాలా చూశాను. గీసిన మరుక్షణం కాలువలు, రైలు గేట్లు, ఆటో కిరాయిలు, అప్పు పద్దులు అన్నీ చెరిగిపోతాయి.

ఇంటికి రెండు వేలు అన్న అంకెతో నాకు పేచీ లేదు. 2023–24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశం మొత్తం మీద పల్లెల్లో మనిషికి నెలకు సగటు ఖర్చు 4,122 రూపాయలు, అందులో దాదాపు 47 శాతం తిండికి. నలుగురున్న ఇంట్లో తిండి ఖర్చు ఏడున్నర వేలు దాటుతుంది. పాలు, కూరలు, చేపలు, కోడిగుడ్లు, బయటి టిఫిన్లు తీసేసి, సబ్బులు, సర్ఫు లాంటివి కలుపుకుంటే కిరాణా షాపుకు చేరేది రెండు మూడు వేల మధ్య ఉంటుంది. డెల్టాలో సొంత బియ్యం తినే ఇళ్లు ఎక్కువ కాబట్టి రెండు వేలకు దగ్గరే అనుకోవచ్చు. తేలాల్సింది ఆ రెండు వేలూ ఏ దారిన ఎంత దూరం పోతున్నాయన్నది.

బిల్లుల్లో ఊళ్లు

పాత షాపు బిల్లింగ్ కంప్యూటర్లో కస్టమర్ల ఫోన్ నంబర్లున్నాయి, ఊళ్లు లేవు. పిన్‌కోడ్ తీసుకుందామంటే ఒకే పిన్‌కోడ్ కింద కాలువకు అటూ ఇటూ ఊళ్లుంటాయి. కౌంటర్లో అమ్మాయిలకు ఒక చిన్న పని అప్పజెప్పాం: ప్రతి బిల్లుకూ ఊరి పేరు అడిగి కొట్టడం. నెల మొదటి వారమూ చివరి వారమూ రెండూ పడేలా చూసుకున్నాం, ఎందుకంటే ఆ రెండు వారాల్లో వచ్చే మనుషులు వేరు. "మీదే ఊరండి?" అని అడిగితే ఈ జిల్లాలో ఎవరూ ఏమీ అనుకోరు. పైగా ఆ ఊళ్లో ఫలానా వాళ్లు మీకేమవుతారు అంటూ చుట్టరికం దాకా పోతారు. క్యూ పెరిగి అమ్మాయిలకు అదో టెన్షన్.

బిల్లులను సొమ్మును బట్టి విడగొట్టి ఊళ్లతో కలిపి చూస్తే రెండు సంగతులు కొట్టొచ్చినట్టు కనిపించాయి.

మొదటిది మామూలే. వంద రెండొందల బిల్లులన్నీ చుట్టుపక్కల నాలుగు వీధులవి. వేలల్లో ఉన్న బిల్లులు పల్లెలవి. పెరుగు పాకెట్ కోసం వీధి చివరి దాకా నడిచే మనిషే అయిదు లీటర్ల నూనె డబ్బా కోసం పది కిలోమీటర్లు వస్తాడు.

రెండోదే ఆయన గుండ్రాన్ని పాడు చేసింది. భీమవరం వైపు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లు బిల్లుల్లో దాదాపు లేవు. అటు కాక, రెండో వైపు లోపలికి పది, పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న చేపల, రొయ్యల చెరువుల ఊళ్లు దండిగా ఉన్నాయి. ఆయన గుండ్రంలో మొదటివి లోపల పడ్డాయి, రెండోవి బయట.

ఇది ఈ ఒక్క ఊరి వింత కాదు. 1931లో విలియం రైలీ అనే అమెరికన్ రెండు టౌన్ల మధ్య ఉన్న పల్లె ఎటు మొగ్గుతుందో చెప్పడానికి ఒక సూత్రం కట్టాడు. పెద్ద టౌను ఎక్కువ లాగుతుంది, దూరం పెరిగే కొద్దీ ఆ లాగుడు వేగంగా తగ్గుతుంది. దాన్నే తర్వాత పాల్ కన్వర్స్ తేలిక చేసి, జనం చీలిపోయే చోటు ఎక్కడుంటుందో లెక్క వేసే పద్ధతి ఇచ్చాడు. భీమవరం జనాభా 2011 లెక్కల్లోనే లక్షా నలభై వేల పైచిలుకు. మన మండల కేంద్రం అందులో తొమ్మిదో వంతు అనుకోండి. తొమ్మిదికి వర్గమూలం మూడు, దానికి ఒకటి కలిపితే నాలుగు. ఇరవై కిలోమీటర్లను నాలుగుతో భాగిస్తే అయిదు. అంటే కాగితం మీద కూడా భీమవరం వైపు మన పట్టు అయిదు కిలోమీటర్లకు మించదు. అక్కడి నుంచి జనం అటే పోతారు.

రెండో వైపు అలాంటి పోటీ టౌను లేదు. ఆ ఊళ్ల వాళ్లు భీమవరం పోవాలన్నా మన మీదుగానే పోవాలి. అటు వైపు గీత మనల్ని దాటి చాలా లోపలికి సాగుతుంది. నిజానికి గుండ్రం కాదు గీయాల్సింది, ఒక వైపు కురచగా ఒక వైపు పొడుగ్గా ఉండే తోక లాంటి ఆకారం. బావమరిది స్థలం ఉన్న బైపాస్ సరిగ్గా కురచ వైపు ఉంది.

బైపాస్‌కు ఇంకో చిక్కు కూడా ఉంది. చెరువుల ఊళ్ల నుంచి ఆటోలో వచ్చే మనిషి ఆటో స్టాండు దగ్గర దిగుతాడు. అక్కడి నుంచి బజారు, బ్యాంకు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, ఆసుపత్రి అన్నీ నడిచే దూరం. బైపాస్‌కు మాత్రం ఇంకో ఆటో ఎక్కాలి. ఇక బైపాస్ మీద బండి మీద పోయే వాడు ఊళ్లోకి రాకుండా భీమవరం పోదామనే ఆ రోడ్డెక్కాడు.

కాలువ అవతలి ఊరు

గుండ్రం లోపలే, ఊరికి రెండు కిలోమీటర్లు కూడా లేని ఒక ఊరు బిల్లుల్లో అస్సలు కనపడలేదు. మూడొందల పైన గడపలు. షాపు ఓనరు వాళ్లను పక్కింటి వాళ్లుగా లెక్కేసుకున్నాడు. వెళ్లి చూశాను.

మధ్యలో పంట కాలువ, దాని పక్కనే మురుగు కాలువ. రెంటి మీదా పాత వంతెన. మనుషులు నడవొచ్చు, సైకిలూ మోటార్ సైకిలూ పోతాయి, ఆటో పట్టదు. ఆటో పోయే వంతెన ఎక్కడుందంటే ఎగువకు పోయి చుట్టి రావాలి. అంతా కలిపి ఆరేడు కిలోమీటర్లు. ఆటో వాళ్లు ఆ చుట్టు తిరగరు. ఆ ఊరి షేర్ ఆటోలన్నీ అవతలి గట్టు వెంబడే ఇంకో చిన్న టౌనుకు పోతాయి. మ్యాపు మీద దగ్గరున్న షాపును వదిలేసి వాళ్లు అయిదు రెట్ల దూరం పోతున్నారు.

"నడిచి వచ్చేదాన్నే బాబూ. వచ్చేటప్పుడు ఒట్టి చేతులు. పోయేటప్పుడు నూనె, పంచదార, పప్పులు, సబ్బులు. రెండు సంచులతో ఆ వంతెన ఎక్కి దిగమంటే నా వల్ల అవుద్దా?" అని అడిగింది ఒక పెద్దావిడ. కొడుకు హైదరాబాద్‌లో, మొగుడికి మోకాళ్ల నొప్పులు. ఇంట్లో బండి ఉంది, నడిపే వాళ్లు లేరు. డెల్టాలో ఇలాంటి ఇళ్లు తక్కువేం కాదు. పిల్లలు బయటికి పోయాక మిగిలిన పెద్దవాళ్లకు దూరం అంటే పోవడం కాదు, మోసుకుని తిరిగి రావడం.

నేను చూసిన చాలా సర్వేల్లో ఇది తప్పిపోతుంది. "షాపు ఎంత దూరం?" అని అడుగుతారు, "సరుకు ఎలా తెచ్చుకుంటారు?" అని అడగరు. మొదటి ప్రశ్నకు ఆ ఊళ్లో అందరూ రెండు కిలోమీటర్లనే చెబుతారు. అబద్ధమేం కాదు.

రైలు గేటు సంగతి త్వరగా చెబుతాను. గేటు అవతలి ఊళ్ల వాళ్లు ఉదయం వస్తారు, సాయంత్రం రారు. గేటు పడితే ఎండలో నిలబడాలి గనక అటు నుంచి వచ్చే గిరాకీ పదకొండు లోపే. దీనికి మందు షాపు త్వరగా తెరవడం, అంతే.

పల్లె కొట్టు రాక్ చదవడం

ఈ పనిలో నాకు బాగా నమ్మకమైన పద్ధతి ఒకటుంది, దానికి సర్వే ఫారం అక్కర్లేదు. ఊళ్లో ఉన్న చిన్న కొట్టు ముందు నిలబడి ఏం అమ్ముతున్నారో చూడాలి. షాంపూ సాచెట్లు, పది రూపాయల సర్ఫు, అర లీటరు నూనె పాకెట్లు, పావు కేజీ పంచదార పొట్లాలు మాత్రమే వేలాడుతుంటే, ఆ ఊరి నెలవారీ సరుకులు బయటి నుంచి వస్తున్నాయని అర్థం. నెల మధ్యలో అయిపోయిన వాటిని పూరించడానికే ఆ కొట్టు మిగిలింది. అదే కొట్టులో అయిదు లీటర్ల డబ్బాలు, పాతిక కేజీల బియ్యం బస్తాలు, కేజీ సర్ఫు పాకెట్లు ఉంటే ఆ ఊరు ఇంకా అక్కడే కొంటోంది.

కంపెనీల సరుకు వేసుకొచ్చే సేల్స్‌మన్లకు ఈ సంగతి కంఠస్థం. ఒక కుర్రాడు వారానికి ఒకసారి ఈ ఊళ్లన్నీ వరసగా తిరుగుతాడు. అతనితో పాటు బండి మీద పోయాను. ఊరి పేరు చెప్పగానే "ఇది సాచెట్ ఊరు సార్", "ఇది డబ్బా ఊరు సార్" అంటూ చెప్పుకుపోయాడు. అతని మాటలు బిల్లుల లెక్కతో పోల్చి చూస్తే దాదాపు అన్నీ సరిపోయాయి. తేడా వచ్చిన ఒకటి రెండు ఊళ్లే నాకు ఎక్కువ పనికొచ్చాయి.

అందులో ఒకటి డబ్బా ఊరు. టౌనుకు దగ్గరే, రోడ్డు బాగుంది, ఆటోలున్నాయి, అయినా నెల సరుకులు ఊళ్లోనే కొంటున్నారు. కారణం పద్దు పుస్తకం. కొట్టు ఆయన దాళ్వా (రెండో పంట వరి) కోతల దాకా అప్పు పెడతాడు. కౌలు రైతులు, చెరువుల మీద పనిచేసే వాళ్లు ఎక్కువున్న ఊరది. ధాన్యం డబ్బు పడ్డాక ఒకేసారి తీరుస్తారు. ధర అయిదారు శాతం ఎక్కువే, అది వాళ్లకూ తెలుసు. ఆ అయిదారు శాతం సరుకు ధర కాదు, నాలుగు నెలల అప్పుకు వడ్డీ. బయట నూటికి రెండు రూపాయల వడ్డీ నడిచే చోట అది చౌకే. టౌన్లో సూపర్ మార్కెట్ ఎమ్మార్పీ మీద ఎంత తగ్గించినా ఆ నెలల్లో ఆ ఇళ్లకు అక్కరకు రాదు.

కానీ చేతిలో డబ్బు పడ్డ వారం వాళ్లే టౌనుకొస్తారు. ఇదొక చిత్రమైన సంగతి: ఊరి కొట్టులో పాత బాకీ ఉన్నవాడు, డబ్బున్న రోజున ఆ కొట్టు ముందు నుంచి పోయి నగదు పెట్టి సరుకు కొనలేడు. కొంటే "ముందు పాతది కట్టు" అంటాడు గదా. అందుకని దూరం పోతాడు. ఆ ఊరి వాళ్లు సార్వా (మొదటి పంట), దాళ్వా కోతల తర్వాతే షాపుకు ఎందుకు ఎక్కువ వస్తారో పాత షాపు గుమాస్తా చెప్పేదాకా నాకు తట్టలేదు. ఒకే ఇల్లు, ఒకే రోడ్డు, ఒక నెలలో అర కిలోమీటరు కస్టమరు, ఇంకో నెలలో ఎనిమిది కిలోమీటర్ల కస్టమరు.

పెన్షన్ సొమ్ముది దీనికి పూర్తిగా ఎదురు నడక. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పెన్షన్ నెలకు నాలుగు వేలు, ఒకటో తేదీన గ్రామ సచివాలయం వాళ్లు ఇంటికే తెచ్చి చేతికిస్తారు. డబ్బు ఇంటికొచ్చింది కాబట్టి ఆ డబ్బు ఊరు దాటడం లేదు. ఒకటి, రెండు తేదీల్లో పల్లె కొట్లు కళకళలాడతాయి. అదే డబ్బు టౌన్లో బ్యాంకుకు పోయి తెచ్చుకోవాల్సి ఉంటే, బ్యాంకు పక్కన కిరాణా షాపుకు అందులో వాటా వచ్చేది.

రేషన్ కూడా అంతే. 2021 జనవరి నుంచి బండ్ల మీద వీధి చివరికొచ్చిన బియ్యం 2025 జూన్ ఒకటి నుంచి మళ్లీ డిపోకు మారింది, అరవై అయిదేళ్లు దాటిన వాళ్లకూ వికలాంగులకూ తప్ప. డిపో మాత్రం ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉంటుంది కాబట్టి దాని వల్ల టౌనుకు వచ్చే దారులు మారలేదు. సన్నబియ్యం తినే ఇళ్లలో ఆ బియ్యం దోసెల పిండికి పోతుంది.

పోవడానికి ఇంకో పని ఉండాలి

చెరువుల ఊళ్ల వాళ్లు మనల్ని దాటి భీమవరం ఎందుకు పోవడం లేదు, కొందరు ఎందుకు పోతున్నారు అన్నది తేలాలి. గుండ్రటి అంకెలతో లెక్క వేసి చూద్దాం. నెల సరుకులు మూడు వేలు. భీమవరంలో పెద్ద సూపర్ మార్కెట్లో అయిదు శాతం కలిసొస్తుందనుకుంటే నూట యాభై. మన ఊరి నుంచి అక్కడికి రానూ పోనూ నలభై కిలోమీటర్లు అదనం. బండి లీటరుకు యాభై ఇస్తే, పెట్రోలు నూట పది చొప్పున ఎనభై ఎనిమిది రూపాయలు. మిగిలేది అరవై. ఒక సాయంత్రం మొత్తం పోయి, వెనక సీటు మీద కూర్చున్న ఆవిడ ఒళ్లో సంచులు పెట్టుకుని వస్తే మిగిలేది అరవై.

సరుకుల కోసమే ఎవరూ అంత దూరం పోరు. డాక్టరు దగ్గరికి పోతారు, కాలేజీలో ఉన్న పిల్లాడికి ఫీజు కట్టడానికి పోతారు, బంగారం, బట్టలు కొనడానికి పోతారు, పోయినవాళ్లు సరుకులూ తెస్తారు. దూరం ఖర్చును ఆ మొదటి పని భరిస్తుంది. అందుకే బిల్లుల మీద నేను రాసే నోట్సులో "ఎంత దూరం" పక్కన ఇంకో గడి పెడతాను: "ఇంకేం పని మీద వచ్చారు". మన షాపుకు లోపలి ఊళ్ల నుంచి వచ్చిన వాళ్లలో ఎక్కువ మంది చెప్పినవి బ్యాంకు, డ్వాక్రా మీటింగు, ఆసుపత్రి, మోటారు రిపేరు, మేత కొట్టు. రొయ్యలకూ చేపలకూ మేత అమ్మే కొట్లు ఈ ఊళ్లో వరసగా ఉన్నాయి. వాటి ముందు ఆగిన బండ్ల నుంచి మన షాపుకు నిలకడైన గిరాకీ ఉందని ఓనరుకే తెలియదు.

దగ్గర షాపును వదిలి దూరం పోవడం మన దగ్గరే కాదు. అమెరికా వ్యవసాయ శాఖ 2012–13లో ఇళ్ల ఆహార కొనుగోళ్ల మీద చేయించిన సర్వేలో, ఇంటికి అతి దగ్గరి సూపర్ మార్కెట్ సగటున 2.14 మైళ్లలో ఉంటే, జనం మామూలుగా సరుకులు కొనే షాపు 3.79 మైళ్లలో ఉందని తేలింది. కార్లున్న దేశం కాబట్టి అది అర్థమయ్యేదే. అక్కడి మనవాళ్లయితే ఇంకా దూరం. కందిపప్పు, గోంగూర పచ్చడి, మునక్కాడల కోసం దారిలో నాలుగు పెద్ద స్టోర్లు దాటుకుని ఇండియన్ స్టోరుకు పోతారు. ఆ దూరం ధర వల్ల కాదు, నాలుక వల్ల.

ఉచిత బస్సు గురించి ఓనరుకు భయం ఉండేది. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైనప్పుడే ఆయన ఖమ్మం వైపు చుట్టాలు చెప్పారట, ఆడవాళ్లంతా పెద్ద టౌన్లకే పోతున్నారని. మన రాష్ట్రంలో స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15 నుంచి వచ్చింది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు టికెట్ లేదు. "ఇంక మనం మూసుకోవాల్సిందేనాండి?" అని అడిగాడు.

రోడ్డు మీద ఉన్న ఊళ్లలో ఆ ప్రభావం నిజమే. బస్సు పోయే దారిలో ఉన్న ఊళ్ల ఆడవాళ్లకు భీమవరం పోయి రావడం ఖర్చు లేని పని అయింది, పై లెక్కలో ఎనభై ఎనిమిది రూపాయల గీత చెరిగిపోయింది. అయితే లోపలి చెరువుల ఊళ్లకు బస్సే లేదు. వాళ్లు ఆటోలో మన ఊరి దాకా డబ్బిచ్చి రావాలి, ఆపైన బస్సు ఫ్రీ. అలా వచ్చినవాళ్లు ఇక్కడ బస్సు దిగి ఆటో కోసం నిలబడే పది ఇరవై నిమిషాలే మనకు దొరికే సమయం. భీమవరంలో బట్టలు కొని, డాక్టరుకు చూపించి, బరువైన సరుకులు మాత్రం ఆటో ఎక్కే చోట కొంటారు. బస్సు మీద మనిషి ఫ్రీగా పోతాడు గానీ, పాతిక కేజీల బస్తాను ఫుట్‌బోర్డు మీదికి ఎత్తి, మళ్లీ దింపి, ఆటోలోకి ఎక్కించాలంటే చేతులే కదా. ఈ పథకం మన షాపుకు తెచ్చింది నష్టమా లాభమా అంటే, సబ్బులు, బిస్కెట్లు, కాస్మెటిక్స్‌లో నష్టం, బరువు సరుకుల్లో లాభం. బిల్లుల్లో ఆ తేడా కనపడింది.

ఏం చెప్పాను, ఏం జరిగింది

రిపోర్టులో మొదటి మాట: బైపాస్ వద్దు. ఆ షాపు నిలబడాలంటే ఎన్ని ఇళ్లు కావాలో లెక్క వేసి చూపించాను. అద్దె తక్కువైనా జీతాలు, కరెంటు, వడ్డీ, సరుకు పాడవడం కలిపి నెలకు మూడు లక్షల ఖర్చు అనుకుంటే, పన్నెండు శాతం మార్జిన్ మీద పాతిక లక్షల అమ్మకం కావాలి. ఇంటికి రెండు వేల చొప్పున పన్నెండొందల యాభై ఇళ్లు, అది కూడా తమ సరుకులన్నీ మన దగ్గరే కొనే ఇళ్లు. భీమవరం వైపు కురచగా ఉన్న ఆ గీతలో అన్ని ఇళ్లు దొరకవు. దొరికినా సగం పాత షాపు నుంచి వచ్చేవే.

దానికి బదులు, చెరువుల ఊళ్ల ఆటోలు ఆగే స్టాండు వెనక వీధిలో ఒక పాత ధాన్యం గోడౌను ఖాళీగా ఉంది. అద్దె బైపాస్ కంటే ఎక్కువ, ముందు పార్కింగు లేదు, చూడటానికి ఏమంత బాగుండదు. కానీ ఆటో షాపు గుమ్మం దాకా వస్తుంది. బరువు సరుకుల షాపుగా అక్కడ పెట్టమన్నాను: బియ్యం, నూనె, పప్పులు, బెల్లం, చింతపండు, మినుములు, పెద్ద పాకెట్లు. గుమ్మం పక్కన సంచులు దాచే కౌంటరు, బ్యాంకుకో ఆసుపత్రికో పోయే వాళ్లు బరువు మోయకుండా వదిలిపోవడానికి.

బావమరిదితో మాట పట్టింపు వచ్చింది. ఆ భాగం నా పని కాదు.

కాలువ అవతలి ఊరికీ అలాంటి ఇంకో రెండు ఊళ్లకూ షాపు పెట్టడం కంటే బండి పంపడం మేలన్నాను. ఎగువ వంతెన చుట్టి వారానికి రెండు రోజులు ఒక చిన్న ట్రాలీ ఆటో. ఇళ్లకే కాదు, ఊరి కొట్లకు కూడా హోల్‌సేల్‌గా. ఇక్కడ ఓనరు అడ్డం తిరిగాడు. "వాళ్లకు మనమే సరుకిస్తే మన గిరాకీ మనమే చెడగొట్టుకున్నట్టు కాదాండి?" ఆ ఊళ్ల వాళ్లు మన బిల్లుల్లో లేనే లేరు, లేని గిరాకీ ఎలా చెడుతుంది అని బిల్లుల లెక్క ముందు పెట్టాను. పైగా ఊరి కొట్టు ఇచ్చే అప్పు మనం ఇవ్వలేం. ఎవరి ఇంటి పరిస్థితి ఏమిటో, ఎవరు కోతలకు తీరుస్తారో, ఎవరు తీర్చరో ఆ కొట్టు ఆయనకు తెలుసు, మన కంప్యూటర్‌కు తెలియదు.

గోడౌను షాపు సంక్రాంతికి ముందు తెరిచారు. సంచుల కౌంటరు మొదటి వారంలోనే నిండిపోయి, రాక్‌లు ఇంకా కొట్టించాల్సి వచ్చింది. ఆడవాళ్లు అక్కడ సరుకులే కాదు, ఆసుపత్రి రిపోర్టులు, పిల్లల స్కూలు బ్యాగులు, కూరగాయలు కూడా వదిలి పోతున్నారు. తీసుకోబోయే ముందు ఇంకేదో ఒకటి కొంటున్నారు. పొద్దున చీటీ ఇచ్చి పోతే మధ్యాహ్నానికి కట్టి ఉంచే పద్ధతిని తండ్రి గుర్తుగా మళ్లీ పెట్టాలని ఓనరు ముచ్చట పడ్డాడు. అది నడవలేదు. కందిపప్పు, ఎండుమిర్చి, చింతపండు చేత్తో తీసి చూసుకోకుండా కొనడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. పాకెట్ సరుకులకు మాత్రం వాట్సాప్‌లో చీటీ ఫొటోలు వస్తున్నాయి, ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్న పిల్లలు అమ్మానాన్నల కోసం పంపేవి.

ట్రాలీ ఆటో అనుకున్నట్టు సగమే నడిచింది. ఊరి కొట్ల వాళ్లు సాచెట్లు, బిస్కెట్లు మన దగ్గర తీసుకోలేదు, కంపెనీ సేల్స్‌మన్ వారం అప్పు ఇస్తాడు కాబట్టి. వాళ్లు తీసుకున్నవి సేల్స్‌మన్ తేనివి: విడి పప్పులు, బెల్లం, చింతపండు, సన్నబియ్యం, పండగల ముందు నెయ్యి. మార్జిన్ తక్కువ, పరిమాణం ఎక్కువ. డీజిలు, డ్రైవరు జీతం పోను నెల చివర మిగిలేది కొద్దిగానే. ఇళ్ల ఆర్డర్లు కాలువ అవతలి ఊళ్లో పెద్దవాళ్లున్న ఇళ్ల నుంచి వస్తున్నాయి, వయసు వాళ్లున్న ఇళ్ల నుంచి రావడం లేదు. వాళ్లకు బండి మీద తిరగడం సరదా కూడా గదా. వారానికి రెండు రోజులు కాకుండా ఒకే రోజు పెట్టి, ఆ రోజును పెన్షన్ పడ్డ మర్నాటికి జరుపుదామని ఇప్పుడు చూస్తున్నాం.

దాళ్వా కోతలయ్యాక మళ్లీ కొన్ని వారాలు బిల్లుల మీద ఊళ్లు కొట్టించమని చెప్పాను. ధాన్యం డబ్బు పడి పద్దులు తీరే వారాల్లో డబ్బా ఊరి పేరు గోడౌను షాపులో ఎంత కనపడుతుందో చూసి, అక్కడి కొట్టు ఆయనతో హోల్‌సేల్ మాట మాట్లాడాలా వద్దా అన్నది అప్పుడు తేల్చుకుంటాం.